వేరుశనగ పొట్టు కార్బన్: మొదటి సైకిల్‌లోనే సగానికి పైగా కెపాసిటీ పోతోంది

పొట్టు_కార్బన్:
పొట్టుని 1:1 కెఓహెచ్‌తో (పొటాషియం హైడ్రాక్సైడ్) కలిపి, ఆర్గాన్‌లో 800 డిగ్రీల దగ్గర 2 గంటలు కాల్చి, కడిగి సోడియం-అయాన్ బ్యాటరీకి యానోడ్ చేశాను. హాఫ్ సెల్‌లో (ఎదురుగా సోడియం లోహం పెట్టిన పరీక్ష సెల్) మొదటిసారి గ్రాముకి 430 ఎంఏహెచ్ తీసుకుంది, తిరిగి ఇచ్చింది 195. 0.1 వోల్టు కింద రావాల్సిన ప్లాటో (వోల్టేజి దాదాపు మారకుండా నిలిచే భాగం) లేదు, గ్రాఫంతా ఏటవాలే. బీఈటీ (కొలిచిన ఉపరితల వైశాల్యం) గ్రాముకి 1,100 చదరపు మీటర్లు. బైండర్ (పొడిని అంటించే జిగురు) పీవీడీఎఫ్, ఎలక్ట్రోలైట్ ఈసీ-డీఈసీ ద్రావకాల్లో 1 మోలార్ ఎన్ఏపీఎఫ్6 అనే సోడియం లవణం. లోపం కార్బన్‌లోనా, సెల్‌లోనా?

కొలిమి_దగ్గర:
కార్బన్‌లోనేనండీ, బీఈటీ అంకె చూస్తేనే తెలుస్తోంది. కెఓహెచ్ యాక్టివేషన్ (దానితో కాల్చి రంధ్రాలు తెరవడం) సూపర్‌కెపాసిటర్లకి సరిపోతుంది, ఇక్కడ మాత్రం చేటు. తెరుచుకున్న రంధ్రాల్లోకి ఎలక్ట్రోలైట్ దూరి, గోడలన్నిటి మీదా ఎస్ఈఐ (ఎలక్ట్రోలైట్ విరిగి ఏర్పడే) పొర కడుతుంది. అందులో చిక్కిన సోడియం ఇక రాదు. ఫుల్ సెల్‌లో, అంటే అసలు బ్యాటరీలో, ఆ నష్టమంతా కేథోడ్ మీద పడుతుంది. మనకి కావాల్సినవి ఎలక్ట్రోలైట్ చేరలేని మూసిన రంధ్రాలు. అవి బాగా ఏర్పడేది 1200–1400 డిగ్రీల మధ్య. ప్లాటో వచ్చేదీ వాటివల్లే.

కెఓహెచ్ మానేయండి. పొట్టు కడిగి 105 డిగ్రీల దగ్గర ఆరబెట్టి, ఆర్గాన్‌లో 500 దగ్గర 2 గంటలు ఉంచండి. 600 లోపు నిమిషానికి 2–3 డిగ్రీలు దాటకండి. తారు, వాయువులు ఒక్కసారిగా వెళితే కణాలు పగిలి ఉపరితలం పెరుగుతుంది. వచ్చిన బొగ్గుని నూరి, 1 మోలార్ హెచ్‌సీఎల్‌లో 60 డిగ్రీల దగ్గర రాత్రంతా కలుపుతూ ఉంచి, నీరు తటస్థమయ్యేదాకా కడగండి. పొటాషియం, కాల్షియం ఉండిపోతే కాల్చేటప్పుడు అవే కార్బన్‌ని తినేసి రంధ్రాలు చేస్తాయి. తర్వాత 1300 దగ్గర 2 గంటలు. బీఈటీ 10 లోపుకి రావాలి.

వరి ఊకకి ఈ యాసిడ్ చాలదు. అందులో సిలికా ఉంటుంది, వేడి సోడియం హైడ్రాక్సైడ్‌తో తీయాలి.

పొట్టు_కార్బన్:
నా ఫర్నేస్‌లో ఉన్నది క్వార్ట్జ్ ట్యూబ్. 1300 తట్టుకుంటుందా?

కొలిమి_దగ్గర:
వద్దండీ. 1100 దాటితే ఎక్కువసేపు నిలవదు, పొటాషియం ఆవిరి తగిలితే ఇంకా త్వరగా పాడవుతుంది. అల్యూమినా ట్యూబ్ పెట్టించండి. దాన్ని ఎక్కించేటప్పుడూ దించేటప్పుడూ నిమిషానికి 5 డిగ్రీలు మించితే పగులుతుంది.

కాయిన్_సెల్:
పైవారు చెప్పింది నిజమే, అయితే సెల్‌లోనూ కొంత ఉంది. పీవీడీఎఫ్ బదులు సీఎంసీ (నీటిలో కరిగే సెల్యులోజ్ జిగురు) వాడండి, మొదటి సైకిల్ నష్టం తగ్గుతుంది. సోడియం అల్యూమినియంతో మిశ్రమం కట్టదు కనక యానోడ్‌కీ అల్యూమినియం ఫాయిలే చాలు, రాగి అక్కర్లేదు. సీఎంసీ తేమ వదలదు. పూత వేశాక వాక్యూమ్‌లో 120 డిగ్రీల దగ్గర రాత్రంతా ఆరబెట్టి, గాలి తగలనివ్వకుండా గ్లవ్‌బాక్స్‌లోకి తీసుకెళ్లండి. డైగ్లైమ్ (ఈథర్ రకం ద్రావకం) ఎలక్ట్రోలైట్‌తోనూ ఒక సెల్ కట్టి పోల్చండి.

కొత్త కార్బన్‌ని మొదట గ్రాముకి 20 మిల్లీఆంపియర్ల దగ్గరే పరీక్షించండి. ప్లాటో సున్నాకి అతి దగ్గరగా ఉంటుంది. కరెంటు పెంచితే ఎదురుగా ఉన్న సోడియం లోహపు పోలరైజేషన్ (దాని వోల్టేజి పక్కకి జరగడం) వల్లే వోల్టేజి ముందుగా కటాఫ్‌కి చేరి ప్లాటో తెగిపోతుంది, మంచి కార్బన్ కూడా చెడ్డదిగా కనిపిస్తుంది.