ఉబుంటు (లైనక్స్ ఆపరేటింగ్ సిస్టమ్) 22.04 నుంచి 24.04కి మారాక పైథాన్ ప్యాకేజీలన్నీ పోయాయి, ఎవరికైనా ఇలా అయ్యిందా?

తణుకు_కోడర్: నిన్న రాత్రి అప్‌గ్రేడ్ చేశాను, పొద్దున చూస్తే పాండాస్ లేదు నమ్‌పై లేదు, పాత వెన్వ్ (ఒక్కో ప్రాజెక్టుకి విడిగా పెట్టుకునే పైథాన్ ఫోల్డర్) కూడా పనిచెయ్యట్లేదు, ప్యాకేజీలు వేసే పిప్‌తో మళ్ళీ వేద్దామంటే ఎక్స్‌టర్నల్లీ మేనేజ్డ్ (ఇది సిస్టమ్ చూసుకునే పైథాన్) అని ఆపేస్తోంది. పోస్ట్‌గ్రెస్‌లో నా డేటాబేస్ కూడా కనపడట్లేదు. సోమవారం డెమో ఉంది, లిస్టు కూడా రాసిపెట్టుకోలేదు.

గోదారిగట్టు: పోలేదు తమ్ముడూ. హోమ్ లోపల దాచి ఉండే .లోకల్ ఫోల్డర్లో లిబ్ కింద పైథాన్3.10 అని ఉంటది, అన్నీ అందులోనే ఉన్నాయి. ఇప్పుడు నీది 3.12 కాబట్టి అటు చూడదు. అలాగని ఎత్తి ఇందులో పడెయ్యకు, నమ్‌పై లాంటివి 3.10కి కంపైల్ అయినవి, నడవవు. డిస్ట్-ఇన్ఫో ఫోల్డర్ల పేర్లు చూడు, వెర్షన్‌తో సహా ఉంటాయి, అదే నీ లిస్టు.

ఓరుగల్లు_లైనక్స్: ఇంత లొల్లి ఎందుకు, పిప్‌కి బ్రేక్-సిస్టమ్-ప్యాకేజెస్ అని తగిలించు, ఆ అడ్డు తీసేస్తది, అయిపోతది. ఏడాది సంది అట్లనే నడిపిస్తున్న, ఏం కాలే.

గోదారిగట్టు: దయచేసి కొత్తవాళ్ళకి ఇలాంటివి చెప్పకండి. నేను 20.04లో పైథాన్3 లింకు (ఏ వెర్షన్ నడవాలో చెప్పేది) మారిస్తే టెర్మినలే తెరుచుకోలేదు, రెండ్రోజులు పని ఆగిపోయింది.

ఓరుగల్లు_లైనక్స్: లింకు మార్చమని నేనన్ననా? రాసింది చదవుండ్రి ముందు. సుడో (అడ్మిన్ హక్కు) లేకుండ వేస్తే యూజర్ ఫోల్డర్లనే పడ్తది.

గోదారిగట్టు: యూజర్ ఫోల్డర్లో పడినా పైథాన్ సిస్టమ్ ప్యాకేజీల కంటే ముందు దాన్నే చదువుతుందండీ! సిస్టమ్ టూల్స్ సగం పైథాన్‌లోనే ఉన్నాయి, రేపు ఏదో ఒకటి ఆగిపోతే మీరొచ్చి బాగుచేస్తారా?

సర్వర్_మాస్టారు: మీరిద్దరూ కొట్టుకుంటే ఆ అబ్బాయి డేటాబేస్ సంగతి ఎవరు చూస్తారు? పదహారేళ్ళుగా సర్వర్లు చూస్తున్నాను, ఇది ప్రతిసారీ వచ్చేదే. పీజీ_ఎల్ఎస్‌క్లస్టర్స్ అని టెర్మినల్లో కొట్టు బాబూ, ఏ పోస్ట్‌గ్రెస్ వెర్షన్ ఎక్కడుందో చూపిస్తుంది. నీ డేటా ఉన్న పాత వెర్షన్ 14 ముందటి పోర్టు 5432లోనే, ఖాళీగా ఉన్న కొత్త వెర్షన్ 16 దాని పక్కన 5433లో ఉండాలి. ముందు డంప్ (డేటా కాపీ) తీసుకో, తర్వాత ఖాళీ 16 క్లస్టర్ (డేటాబేస్‌ల సెట్) తీసేసి పీజీ_అప్‌గ్రేడ్‌క్లస్టర్ నడుపు. అంతవరకు ఆటోరిమూవ్ (అక్కర్లేని ప్యాకేజీలు తీసేసే కమాండ్) జోలికి పోకు. బయటి రిపోలు (సాఫ్ట్‌వేర్ తెచ్చుకునే చోట్లు) కూడా అప్‌గ్రేడే ఆపేస్తుంది, నోబుల్‌కి (24.04 పేరు) ఉన్నాయో లేదో చూసి ఒక్కొక్కటే ఆన్ చేసుకో.

అక్షర_డీటీపీ: నాకు పైథాన్ తెలీదు గానీ అప్‌గ్రేడ్ అయినప్పట్నుంచి తెలుగు టైపింగ్ రావట్లేదండీ, ఆర్‌టీఎస్ (ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు కొట్టే పద్ధతి) అలవాటు, రోజుకి ఇరవై పేజీలు కొట్టాలి, ఎవరైనా చెప్పండి ప్లీజ్.

ఓరుగల్లు_లైనక్స్: అక్కా, ఐబస్-ఎం17ఎన్ ఇన్‌స్టాల్ చేసి లాగౌటై మళ్ల లాగినవ్వు, ఇన్‌పుట్ సోర్సెస్‌ల తెలుగు ఆర్‌టీఎస్ కనపడ్తది. పోతన ఫాంటు కావాల్నంటే ఫాంట్స్-తెలు-ఎక్స్‌ట్రా వేసుకో.

అక్షర_డీటీపీ: వచ్చింది తమ్ముడూ! చాలా థ్యాంక్స్.

తణుకు_కోడర్: కొత్త వెన్వ్ చేసి లిస్టు ప్రకారం వేశాను, పాండాస్ వచ్చింది, డేటా కూడా దొరికింది మాస్టారూ. ఒక్క పాత ప్యాకేజీ మాత్రం డిస్ట్‌యుటిల్స్ (ప్యాకేజీలు కట్టే పాత పైథాన్ భాగం) లేదంటోంది.

గోదారిగట్టు: 3.12లో దాన్ని తీసేశారు. ఆ వెన్వ్‌లోనే సెటప్‌టూల్స్ వేసి చూడు, కాకపోతే ఆ ప్యాకేజీ కొత్త వెర్షన్ ఉందేమో వెతుకు.