కడ్డీ ఉన్న అపార్ట్‌మెంట్‌కు ఎస్‌పీడీ కూడా కావాలా?

నెల్లూరు_ఐదో_ఫ్లోర్: మాది 20 ఫ్లాట్ల బిల్డింగ్. పోయిన నెల ప్రహరీ పక్కన కొబ్బరిచెట్టు మీద పిడుగు పడింది. చెట్టు మొవ్వ నుంచి నడిమి దాకా చీలింది. మా లిఫ్ట్ బోర్డు, రెండు ఇళ్లలో రౌటర్లు పోయాయి. మేడ మీద పిడుగు కడ్డీ ఉంది. అయినా మెయిన్ ప్యానెల్‌లో ఎస్‌పీడీ, అంటే సర్జ్‌ను (క్షణంలో ఎగసిపడే వోల్టేజీని) ఎర్త్‌లోకి మళ్లించే పరికరం, పెట్టించుకోమని ఎలక్ట్రీషియన్ అన్నాడు. కడ్డీ ఉండగా ఇది దండగని కింది ఫ్లోర్ వాళ్లు సంతకం పెట్టడం లేదు. తెలిసినవాళ్లు చెప్పండి.

కావలి_వైర్‌మ్యాన్: దండగే. 32 ఏళ్లుగా ఈ పనిలో ఉన్నా. ఎర్తింగ్ బాగుంటే ఏదీ పోదు. ఎండాకాలం ఎర్త్ గుంటలో బిందెడు నీళ్లు పోసేవాళ్లు మీలో ఎంతమంది?

ఒంగోలు_ఇంజనీర్: కడ్డీ కాపాడేది కట్టడాన్ని, మనుషుల్ని. పిడుగు పక్కన పడినా కరెంటు తీగ, కేబుల్ వైరు పట్టుకుని సర్జ్ లోపలికి వస్తుంది. అంతా మైక్రోసెకన్లలో అయిపోతుంది. ఎంసీబీ, అంటే లోడు ఎక్కువైతే దానంతట పడే స్విచ్, పడటానికి మిల్లీసెకన్లు కావాలి, స్టెబిలైజర్ ఇంకా నిదానం. కడ్డీ ఉన్న బిల్డింగ్‌కు మెయిన్‌లో టైప్ 1 (పిడుగు కరెంటునే తట్టుకునే ఎస్‌పీడీ), ఫ్లాట్ల డీబీల్లో, అంటే ఎంసీబీలుండే పెట్టెల్లో, టైప్ 2 (మిగిలిన సర్జ్‌ను తగ్గించేది) పెట్టాలి. కడ్డీ ఎర్త్‌నూ కరెంటు ఎర్త్‌నూ కలపాలి.

కావలి_వైర్‌మ్యాన్: కలపాలా? పిడుగును చేతులారా ఇంట్లోకి తెచ్చుకోమంటారా? ఆ రెండు గుంటలు దూరంగా ఉండాలని మా మేస్త్రీ మొదటి రోజే చెప్పాడు.

ఒంగోలు_ఇంజనీర్: విడిగా ఉంటేనే ప్రమాదం అన్నా. పిడుగు దిగిన క్షణంలో కడ్డీ గుంట వోల్టేజీ వేలల్లోకి లేస్తుంది, రెండో గుంట అంత లేవదు. ఆ తేడా బోర్డుల్లోంచి దూకుతుంది. కలిపితే రెండూ కలిసే లేస్తాయి. పిడుగు రక్షణ ప్రమాణం ఐఎస్/ఐఈసీ 62305 చెప్పేదీ అదే.

పొదిలి_మాస్టారు: ఉరిమితే మేం ప్లగ్గులు పీకేస్తాం. పైసా ఖర్చు లేదు.

కోవూరు_రొయ్యల_రైతు: ఎస్‌పీడీ మోసం. నేను పెట్టించా. ఒక్క రాత్రిలో చెరువు నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్ల మోటార్లు నాలుగు కాలిపోయాయి. తెల్లారేసరికి రొయ్యలు గట్టు వారకొచ్చి తేలాయి. ఎస్‌పీడీ బాగుందో లేదో రంగుతో చూపే కిటికీ మాత్రం పచ్చగానే ఉంది.

ఒంగోలు_ఇంజనీర్: పచ్చగా ఉంటే అది చెడిపోలేదని. ఆ రాత్రి ఉరుములు ఉన్నాయా?

కోవూరు_రొయ్యల_రైతు: లేవు. గాలికి ఒక తీగ తెగింది.

ఒంగోలు_ఇంజనీర్: అయితే ఒక ఫేజ్ పోయి, మిగతా రెండింటి మీద తిరిగి మోటార్లు కాలి ఉంటాయి. దానికి కావాల్సింది ఒక ఫేజ్ పోగానే మోటారును ఆపేసే సింగిల్ ఫేజ్ ప్రివెంటర్.

కోవూరు_రొయ్యల_రైతు: ఆ మాట అమ్మినోడు చెప్పాలి గదా సార్. పంట పోయింది నాది.

కావలి_వైర్‌మ్యాన్: నంబర్లు చెప్పేవాళ్లు ఒక్కసారైనా గుంట తవ్వారా? ఉప్పు, బొగ్గు పొరలు పొరలుగా వేసి చేతులు బొబ్బలెక్కించుకున్నవాణ్ణి నేను.

నెల్లూరు_ఐదో_ఫ్లోర్: గుంటల గొడవ ఆపండి. ఆ మూర్ఖులకు ఎలా నచ్చజెప్పాలో చెప్పండి.

గ్రౌండ్_ఫ్లోర్_2: మూర్ఖుణ్ణి నేనే. అదే బిల్డింగ్. నిరుడు ఇలాంటి వానకే మా అమ్మ ఆక్సిజన్ కాన్సంట్రేటర్ కాలిపోయింది. రాత్రి రెండు గంటలకు సిలిండర్ కోసం ఊరంతా తిరిగాను. అమ్మ మంచం పట్టీ పట్టుకుని కూర్చునే ఉంది. మర్నాడు మెయిన్‌లో ఏదైనా పెట్టిద్దామని అడిగితే, ఎవరి సామాను వాళ్లే చూసుకోవాలన్నారు. ఇప్పుడు లిఫ్ట్ పోయేసరికి అందరిదీ అయిందా? ఎస్‌పీడీ వద్దని నేనెప్పుడూ అనలేదు.

నెల్లూరు_ఐదో_ఫ్లోర్: ఎవరి సామాను వాళ్లే చూసుకోవాలన్నది నేనే. సిలిండర్ సంగతి నాకు తెలియదు. మూర్ఖులు అన్నందుకు క్షమించండి. ఆదివారం మీటింగ్‌లో ముందు ఆ మిషన్ డబ్బు సంగతి తేలుద్దాం, తర్వాతే ఎస్‌పీడీ.

గ్రౌండ్_ఫ్లోర్_2: మినిట్స్ బుక్కులో రాయండి, సంతకం పెడతా. మా డీబీలోనూ టైప్ 2 ఉండాలి.

కావలి_వైర్‌మ్యాన్: గుంటలు కలపడానికి నేనిప్పటికీ ఒప్పుకోను. ఏది పెట్టినా ముందు రెండు గుంటలూ టెస్టర్‌తో కొలిపించండి. ఎర్త్ లేని ఎస్‌పీడీ గోడకు కొట్టిన డబ్బానే.

ఒంగోలు_ఇంజనీర్: ఆ చివరి మాట నిజం అన్నా.