సర్వీస్ నుంచి వాటర్ ఆటోమేషన్ సేల్స్‌కి మారొచ్చా? అనుభవం ఉన్నోళ్ళు చెప్పండి

ప్యానెల్_కుర్రోడు:

అందరికీ నమస్తే. నాది ఈఈఈ డిప్లమో, జీడిమెట్లలో ఒక ప్యానెల్ బిల్డర్ దగ్గర ఐదేళ్ళ నుంచి సర్వీస్ ఇంజనీర్‌ని. పంప్‌హౌస్ ప్యానెళ్ళు, పీఎల్‌సీ (పంపుల్ని ఆటోమేటిక్‌గా నడిపే కంట్రోలర్), డ్రైవ్ కమిషనింగ్, ఆర్‌టీయూ (సైట్ రీడింగులు పంపే పెట్టె) నుంచి స్కాడాకి (సైట్లన్నీ ఒక స్క్రీన్ మీద చూపించే సాఫ్ట్‌వేర్) డేటా తేవడం, ఇదే పని. నెలలో ఇరవై రోజులు ఊళ్ళమీదే ఉంటా. ఇప్పుడు ఒక డిస్ట్రిబ్యూటర్ టెక్నికల్ సేల్స్‌కి రమ్మంటున్నారు, ఫ్లో మీటర్లు, లెవెల్ సెన్సార్లు, వీఎఫ్‌డీలు (మోటారు స్పీడు మార్చే డ్రైవ్‌లు), ఆర్‌టీయూలు అమ్మాలి, కస్టమర్లంతా వాటర్ కాంట్రాక్టర్లు, డిపార్ట్‌మెంటోళ్ళు. ఫిక్స్‌డ్ జీతం ఇప్పటికన్నా కొంచెమే ఎక్కువ, మిగతాదంతా ఇన్సెంటివ్. నేను పెద్ద మాటకారిని కాదు, పైగా చేతిలో ఉన్న పని మర్చిపోతానేమో అని భయం. నాన్నేమో అమ్మకాల ఉద్యోగం ఎందుకురా అంటున్నడు. వెళ్ళొచ్చా?

సంపు_టు_ట్యాంకు:

తమ్ముడూ, నేనూ సర్వీస్‌లోంచి వచ్చినోణ్ణే, సేల్స్‌లో పద్నాలుగేళ్ళు అయ్యింది. మాటకారితనం గురించి దిగులు పెట్టుకోకు, ఈ లైన్లో కావాల్సింది లెక్క. ఒక సంగతి చెప్తా. భగీరథ పనులు జోరుగా నడుస్తున్న రోజుల్లో ఒక కాంట్రాక్టర్ పిలిచి ఆరు పంపులకి వీఎఫ్‌డీలు కావాలన్నాడు, కరెంటు బిల్లు సగమవుతుందని ఎవరో చెప్పారంట. బ్రోషర్‌లో అలాగే ఉంటుంది, స్పీడు 80 శాతానికి దించితే పవర్ 51 శాతానికి వస్తుందని, 0.8 క్యూబ్ లెక్క అది, తప్పేం కాదు. కానీ అది పైపు రాపిడి ఒక్కటే ఉన్న చోట సంగతి. ఆ సైట్‌కి వెళ్ళి చూస్తే సంపు నుంచి ట్యాంకుకి నిలువు ఎత్తే 32 మీటర్లు, పంపు షటాఫ్ హెడ్, అంటే అది నీళ్ళని ఎక్కించగల గరిష్ట ఎత్తు, 45 మీటర్లు. స్పీడు 80కి దించితే హెడ్ స్క్వేర్‌లో పడుతుంది, అంటే 64 శాతం, 45లో 64 శాతం 28.8 మీటర్లు. ట్యాంకు పైనుంది 32లో! నీళ్ళు ఎక్కవు, పంపు మాత్రం తిరుగుతూ కరెంటు తింటూ ఉంటుంది. అక్కడే ఒక కాగితం మీద వేసి చూపించా, మీకు కావాల్సింది మోటారుని మెల్లగా స్టార్ట్ చేసి మెల్లగా ఆపే సాఫ్ట్ స్టార్టర్ అన్నా, ఎందుకంటే పంపు ఆపినప్పుడల్లా నీళ్ళు వెనక్కి రాకుండా ఆపే నాన్ రిటర్న్ వాల్వ్ ఢాం అని కొట్టుకుంటోంది, సాఫ్ట్ స్టాప్ పెడితే అది తగ్గుతుంది. ఆర్డర్ బాగా చిన్నదైపోయింది, ఆ క్వార్టర్ టార్గెట్ అందలేదు, మేనేజర్‌తో మాటలు పడ్డా. ఏడాదిన్నర తర్వాత అదే మనిషి ఇంకో స్కీమ్‌కి ఫ్లో మీటర్లన్నీ నా దగ్గరే తీసుకున్నాడు, రేటు గురించి పెద్దగా బేరం కూడా ఆడలేదు.

పని మర్చిపోతానంటావా, రోజుకి నాలుగు పంప్‌హౌస్‌లు చూస్తే మర్చిపోయేది ఏముంది, ఇప్పటిదాకా ఒక్క ప్యానెల్ చూశావు, ఇక మీదట స్కీమ్ మొత్తం చూస్తావు.

రిటైర్డ్_ఏఈ:

నేను కొనే వైపు కూర్చున్నవాణ్ణి కాబట్టి అటునుంచి చెప్తాను బాబూ. 2019లో జల్ జీవన్ మిషన్ వచ్చాక మనిషికి రోజుకి 55 లీటర్లు అందుతున్నాయని చూపించాలి, చూపించాలంటే మీటరే ఆధారం. మా దగ్గర ఒక మాగ్నెటిక్ ఫ్లో మీటర్ రీడింగ్ ఊగుతూనే ఉండేది, అమ్మినాయన ఫోన్లోనే కాలిబ్రేషన్ అన్నాడు, ఎర్తింగ్ అన్నాడు, మీటర్ మార్చేద్దాం అని కూడా అన్నాడు. చివరికి వేరే కంపెనీ కుర్రాడొకడు వచ్చి ప్యాంటు మడిచి ఛాంబర్‌లోకి దిగాడు, మోకాలి లోతు నీళ్ళు. చేత్తో తడిమి చూసి చెప్పాడు, సార్ మీటర్‌కి ముందు జానెడు దూరంలోనే బటర్‌ఫ్లై వాల్వ్ ఉంది, సగం మూసి నడుపుతున్నారు, మీటర్‌కి ముందు కనీసం పైపు వ్యాసానికి ఐదు రెట్లు, వెనక రెండు రెట్లు వాల్వు, వంపు లేని తిన్నని పైపు ఉండాలి అని. మీటర్ జరిపించాం, రీడింగ్ నిలబడింది. డిస్‌ప్లే పైన గోడకి పెట్టే రిమోట్ టైపు, సెన్సార్ ఐపీ68 (నీళ్ళలో మునిగినా పాడవనిది) తీసుకోమని కూడా ఆ కుర్రాడే చెప్పాడు, ఎందుకంటే మన ఛాంబర్లు వానాకాలం మునగడం ఖాయం. ఆ తర్వాత స్పెసిఫికేషన్ రాసేటప్పుడు ఏ డౌట్ వచ్చినా అతనికే ఫోన్ చేసేవాణ్ణి. నువ్వు సైట్లు తిరిగినవాడివి, ఛాంబర్‌లోకి దిగడం నీకు కొత్త కాదు.

ఇంకో మాట, పంప్ ఆపరేటర్‌తో మాట్లాడకుండా ఈఈ (ఎగ్జిక్యూటివ్ ఇంజనీర్) దగ్గరికి వెళ్ళొద్దు.

మార్చి31:

పై ఇద్దరూ మంచి మాటలే చెప్పారు కానీ డబ్బు సంగతి నేను చెప్తా బ్రో, నేను నాలుగేళ్ళు చేసి వచ్చా. ఇన్సెంటివ్ ఆర్డర్ మీదా లేక డబ్బు వసూలైనాకా, ఇది ఆఫర్ లెటర్‌లో రాయించుకో, నోటిమాట వద్దు. గవర్నమెంట్ బిల్లు రావాలి, వస్తే కాంట్రాక్టర్ ఇవ్వాలి, ఆయన ఇస్తే మీ కంపెనీకి, అప్పుడు నీకు. నాకు ఒక ఆర్డర్ ఇన్సెంటివ్ పద్నాలుగు నెలలకి వచ్చింది, ఆలోపు ఇంటి ఈఎమ్‌ఐకి చేబదుళ్ళు తెచ్చుకున్నా. ఎలక్షన్ కోడ్ పడితే కొత్త టెండర్లు ఆగిపోతాయి, మార్చిలో మాత్రం నిద్ర ఉండదు. అందుకే ఫిక్స్‌డ్ జీతంతోనే ఇల్లు గడుస్తుందా అని ముందు చూసుకో, గడిస్తేనే వెళ్ళు. అమ్మాక కమిషనింగ్ ఎవరు చేస్తారో కూడా అడుగు, సర్వీస్ టీమ్ లేకపోతే రెండు పనులూ నీ మీదే పడతాయి.

ప్యానెల్_కుర్రోడు:

అందరికీ చాలా థాంక్స్ అన్నా, సార్. సోమవారం వాళ్ళతో మాట్లాడతా, వసూలు సంగతి, సర్వీస్ టీమ్ సంగతి రెండూ రాతలో అడుగుతా. ఫిక్స్‌డ్‌తో ఇల్లు గడుస్తది, లెక్క వేసుకున్నా.

రాత్రి కూర్చొని ఆ హెడ్ లెక్క నా పాత సైట్ ఒకదానికి వేసి చూసిన. షటాఫ్ హెడ్ 60, ఎత్తు 41 మీటర్లు. 40 హెర్ట్జ్‌కి (మామూలు 50లో 80 శాతం) దించితే 38.4 వస్తుంది. అక్కడి ఆపరేటర్ పెద్దాయన 40లో పెడితే నీళ్ళెక్కవు సార్ అని ఎన్నిసార్లు చెప్పిండో, నేనేమో డ్రైవ్ పారామీటర్లలోనే తప్పు వెతుకుతూ రెండు రోజులు అక్కడే ఉన్న. పొద్దున్నే ఆయనకి ఫోన్ చేస్తా.