మూడు డిపార్ట్‌మెంట్లు కలిసి నడిపే కోర్సుకు అయిదేళ్ల సమీక్ష: ఎక్కడ మొదలుపెట్టాలి?

వేకువ:

స్టాటిస్టిక్స్, కంప్యూటర్ సైన్స్, సోషియాలజీ కలిసి రెండో సంవత్సరం విద్యార్థులకు నడిపే ఒక ఇంటర్‌డిసిప్లినరీ కోర్సుకు సమీక్ష గడువు వచ్చింది. 6 క్రెడిట్లు, 14 వారాలు, వారానికి 4 గంటల తరగతి. మార్కుల్లో సగం రాత పరీక్షకి, సగం గ్రూప్ ప్రాజెక్టుకి. ఏటా సుమారు 60 మంది చేరతారు, మూడు డిపార్ట్‌మెంట్ల నుంచీ ఇంచుమించు సమానంగా.

ఇబ్బందేమిటంటే సమీక్ష ఫారం మొత్తం ఒకే డిపార్ట్‌మెంట్ నడిపే కోర్సును దృష్టిలో పెట్టుకుని తయారైంది. హెచ్‌ఓడీ (డిపార్ట్‌మెంట్ అధిపతి) అభిప్రాయానికి ఒకే గడి, సబ్జెక్టు నిపుణుడికి ఒకే గడి. ఉత్తీర్ణత శాతం, సగటు మార్కులు బాగానే ఉన్నాయి కాబట్టి ఫారం ప్రకారం పోతే కోర్సులో లోపమేమీ లేదు. విద్యార్థులు మాత్రం "మూడు చిన్న కోర్సులు ఒకే పేరుతో చదివినట్టుంది" అంటున్నారు.

ఈ మాట నిజమో కాదో సమీక్షలో తేల్చడం ఎలా? ఏ వివరాలు సేకరించాలి, ఎవరిని పిలవాలి?

నల్లబల్ల:

వేకువ గారూ, ఆ ఫారం మూడు కాపీలు తీసి ఒక్కో డిపార్ట్‌మెంటుకి పంపడం మాత్రం వద్దండి. ఎవరి భాగం వాళ్లకు నిండుగానే కనిపిస్తుంది, మూడు మంచి నివేదికలు వస్తాయి, కోర్సు గురించి ఒక్క ముక్కా తెలియదు. ఇలాంటి కోర్సులు అతుకుల దగ్గర చెడతాయి. సమీక్ష చూపు మొదట అక్కడ పడాలి.

మొదటి పని కోర్సు పటం. స్ప్రెడ్‌షీట్ తెరిచి అడ్డ వరసల్లో లెర్నింగ్ అవుట్‌కమ్‌లు, అంటే కోర్సు అయ్యేసరికి విద్యార్థి చేయగలగాల్సినవి, రాయండి. నిలువు వరసల్లో 14 వారాలు, వాటి పక్కనే పరీక్ష, ప్రాజెక్టు. ప్రతి గడిలో ఒక అక్షరం: విషయాన్ని పరిచయం చేస్తే 'ప', విద్యార్థి చేత చేయిస్తే 'అ', దానికి మార్కులుంటే 'మ'. సిలబస్ ప్రతి చూసి నింపితే అది సిలబస్‌నే తిరిగి చూపిస్తుంది. నిజంగా ఇచ్చిన అసైన్‌మెంట్లు, ప్రశ్నపత్రాలు ముందు పెట్టుకుని ముగ్గురు టీచర్లూ ఒకే గదిలో కూర్చుని నింపాలి. రెండు గంటల పని.

నిండాక ఒకే వరస మీద వేలు పెట్టండి: రెండు సబ్జెక్టుల్ని కలిపితే తప్ప సాధించలేని అవుట్‌కమ్. ఉదాహరణకు "ఒక సామాజిక ప్రశ్నకు తగిన శాంపిల్ పద్ధతిని ఎంచుకుని, ఆ ఎంపిక వల్ల ఎవరు లెక్కలోకి రాకుండా పోతారో వివరించగలగాలి" లాంటిది. ఈ వరసలో మొదటి వారంలో ఒక 'ప', చివర ప్రాజెక్టు కింద 'మ', మధ్యలో 13 వారాల పాటు ఖాళీ గడులు ఉంటే మీ విద్యార్థుల మాట నిజమే. ఎవరూ చేయించని పనికి అందరూ మార్కులు వేస్తున్నారన్నమాట. అసలు అలాంటి అవుట్‌కమే లేకపోతే సమీక్షలో మొదటి సిఫార్సు అదే కావాలి.

రెండోది పనిభారం. యూరప్ యూనివర్సిటీల ఉమ్మడి క్రెడిట్ లెక్క అయిన ఈసీటీఎస్ పద్ధతిలో ఒక క్రెడిట్ అంటే తరగతి, చదువు, పరీక్ష తయారీ అన్నీ కలిపి 25 నుంచి 30 గంటలు. ఆ లెక్కన 6 క్రెడిట్లకు 150 నుంచి 180. మీ తరగతులే 56 గంటలు. ముగ్గురు టీచర్లలో ఒక్కొక్కరూ "వారానికి మూడు గంటల చదువు ఎక్కువేం కాదు" అనుకుంటే 126 గంటలు. మొత్తం 182. ప్రాజెక్టు, పరీక్ష తయారీ ఇంకా లెక్కలోకే రాలేదు! మీ దగ్గర క్రెడిట్ నిర్వచనం వేరైతే ఆ అంకె పెట్టి ఇదే కూడిక చెయ్యండి. ఎవరికి వాళ్లు న్యాయంగానే ఉంటారు, మోసేది విద్యార్థి ఒక్కడే. ముందు కుదించుకుపోయేది కూడా కలిపి ఆలోచించాల్సిన ప్రాజెక్టే, ఎందుకంటే దానికి వారం వారం అడిగేవాళ్లుండరు.

మూడోది, పునాది జరిగిపోవడం. స్టాటిస్టిక్స్ వాళ్లు తమ సొంత సిలబస్ మార్పుల్లో రిగ్రెషన్‌ను (ఒక అంశం మరోదాన్ని బట్టి ఎలా మారుతుందో లెక్కగట్టే పద్ధతి) మొదటి సంవత్సరం నుంచి రెండో సంవత్సరానికి నెట్టారనుకోండి. వాళ్ల వరకు అది చిన్న మార్పు. మీ కోర్సుకి వచ్చే పిల్లలకు మాత్రం పునాదే పోతుంది, ఆ సంగతి మీకు సెమిస్టర్ మధ్యలో తెలుస్తుంది. కాబట్టి గత అయిదేళ్లలో మూడు డిపార్ట్‌మెంట్లూ తమ మొదటి సంవత్సరం కోర్సుల్లో చేసిన మార్పులన్నీ తేదీలతో తెప్పించండి.

కొలమానం:

"సగటు మార్కులు బాగానే ఉన్నాయి" అన్నారు. ఆ సగటును ముందు విడగొట్టండి. ఊహకి ఒక లెక్క: 60 మంది, డిపార్ట్‌మెంటుకి 20 మంది, కోర్సు సగటు 64. లోపల చూస్తే ఒక గుంపు సగటు 75, మరొకటి 66, మూడోది 51 కావచ్చు. మూడూ కలిపితే 64 వస్తుంది, ఫారంలో ఆ ఒక్క అంకే కనిపిస్తుంది. సొంత డిపార్ట్‌మెంట్ వారీగా, పరీక్షకి ఒకటి, ప్రాజెక్టుకి ఒకటి విడివిడిగా పట్టికలు అడగండి. గ్రూప్ ప్రాజెక్టు మార్కు అందరికీ ఒకటే పడుతుంది కాబట్టి పరీక్షలో ఉన్న తేడాను అది పూడ్చేస్తుంది.

ఒక జాగ్రత్త. గుంపు చిన్నదైతే శాతాలు నమ్మకండి. 8 మందిలో ఒక్కరు తప్పితే 12.5 శాతం పడిపోయినట్టు కనిపిస్తుంది. అలాంటి చోట మూడేళ్ల సంఖ్యలు కలిపి చూడండి, శాతం పక్కన మనుషుల సంఖ్య కూడా రాయండి.

విద్యార్థుల మాట తేల్చడానికి అంకెల కన్నా గట్టి సాక్ష్యం వాళ్ల రాతలే. పాత ప్రాజెక్టు రిపోర్టుల్లోంచి 12 తీయండి: పై మార్కుల్లో 4, మధ్యలో 4, అంచు మీద పాసైనవి 4. పేర్లు, పాత మార్కులు, మార్జిన్‌లో టీచరు రాసిన వ్యాఖ్యలు తీసేయండి. ఒక్కో రిపోర్టును వేర్వేరు సబ్జెక్టుల వాళ్లిద్దరు, ఒకరిదొకరు చూడకుండా దిద్దాలి. నూటికి 10 మార్కుల కన్నా ఎక్కువ తేడా వచ్చినవాటి మీద ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోవాలి. ఆ మాటల్ని ఎవరైనా రాసిపెట్టాలి. సమీక్ష మొత్తంలో నాకు అన్నిటికన్నా విలువైన కాగితం అదే.

దేనికోసం చూడాలంటే, వెరోనికా బోయిక్స్ మాన్సిల్లా, ఎలిజబెత్ డ్యురైసింగ్ 2007లో ప్రతిపాదించిన మూడు కోణాలు పనికొస్తాయి. ఒక్కో శాస్త్రంలో పునాది సరిగ్గా ఉందా. వాటిని కలపడం వల్ల అవగాహన ముందుకి జరిగిందా. ఏ పద్ధతి ఎక్కడ పనికిరాదో విద్యార్థికి స్పృహ ఉందా. మామూలు రూబ్రిక్‌లలో, అంటే మార్కులు వేసే ప్రమాణాల పట్టికల్లో, మొదటిదే ఉంటుంది. "గణాంకాలకు 80, సామాజిక విశ్లేషణకు 40" అని వేసి 60 ఇచ్చేస్తే రెండు సగాలూ ఒకదాన్నొకటి తాకాయో లేదో ఆ 60కి తెలియదు.

రిపోర్టులో చెప్పుకోదగ్గ గుర్తు ఒకటుంది. ఫలితాల అధ్యాయంలో ఉన్న పట్టికను చర్చ అధ్యాయం ఒక్కసారైనా తిరిగి ఎత్తిందా అని వెతకండి. పట్టిక ఒకరు, చర్చ మరొకరు రాసి చివరిరోజు అతికిస్తే చర్చలో "పై పట్టిక ప్రకారం" అనే వాక్యం కూడా ఉండదు. 12లో ఎన్నింట్లో ఇలా ఉందో లెక్కపెడితే ఎవరూ కాదనలేని సాక్ష్యం చేతిలో ఉంటుంది.

మూడోగంట:

పైవన్నీ సరే గానీ, నా అభ్యంతరం అయిదేళ్ల గడువు మీద. మూడు డిపార్ట్‌మెంట్లలో ఎవరో ఒకరు ఏటా ఏదో మారుస్తూనే ఉంటారు, మీరు అయిదేళ్లకోసారి చూస్తారు. యూరప్ ఉన్నత విద్య నాణ్యత ప్రమాణాలు, అంటే 2005లో ఆమోదించి 2015లో సవరించినవి, 1.9 నిబంధనలో నిరంతర పర్యవేక్షణనీ నిర్ణీతకాల సమీక్షనీ జతగా పెట్టాయి. ఇన్నేళ్లకోసారి అని అందులో ఎక్కడా లేదు.

ఏటా రెండు పేజీలు చాలు. దానికి తోడు, గడువుతో పనిలేకుండా సమీక్షను ముందుకు లాగే కారణాలు ముందే రాసిపెట్టుకోండి: బోధించే ముగ్గురిలో ఇద్దరు మారడం, ఏదో ఒక డిపార్ట్‌మెంట్ నుంచి చేరేవాళ్లు సగానికి పడిపోవడం, గుంపుల మధ్య పరీక్ష సగటు తేడా వరసగా రెండేళ్లు 15 దాటడం. ఈ అంకెలు మీ కోర్సును బట్టి మార్చుకోవచ్చు. రాసి ఉండటం ముఖ్యం.

వేకువ:

అందరికీ ధన్యవాదాలండి. పటం, 12 రిపోర్టుల పని మొదలుపెట్టేస్తాం. ఇంకో రెండు సందేహాలు. సమీక్ష చేసే ప్యానెల్‌లో మూడు సబ్జెక్టులకు ముగ్గురు ఎక్స్‌టర్నల్స్ (బయటి సంస్థల నిపుణులు) ఉండాలా? సిఫార్సులు వచ్చాక అమలు బాధ్యత ఎవరిది? ముగ్గురు హెచ్‌ఓడీలు ఉన్నారు, కోర్సు సమన్వయకర్తకి బడ్జెట్ లేదు.

దస్త్రం:

ప్యానెల్ అయిదుగురితో సరిపోతుంది, ఏడుగురికి మించితే తేదీలే కుదరవు. అధ్యక్షత ఈ మూడు డిపార్ట్‌మెంట్లకూ చెందనివారికి ఇవ్వండి. సబ్జెక్టుకొకరు చొప్పున ముగ్గురు ఎక్స్‌టర్నల్స్‌ని పిలిస్తే ముగ్గురూ తమ సబ్జెక్టు ఇంకాస్త పెంచమనే రాస్తారు. ఒక్కరైనా రెండు రంగాల మధ్య నిజంగా పనిచేసేవారు ఉండాలి, మరొకరు మీకు అనుమానం ఎక్కువగా ఉన్న సబ్జెక్టు నుంచి. మిగతా ఇద్దరు వేర్వేరు డిపార్ట్‌మెంట్ల విద్యార్థులు, ఇప్పటికే కోర్సు పూర్తిచేసినవాళ్లు. కోర్సు టీచర్లతో కలిసి పేపర్లు రాసినవాళ్లనీ, ఇటీవల ఈ కోర్సుకే పరీక్షకులుగా ఉన్నవాళ్లనీ పెట్టకండి.

విద్యార్థులతో ముఖాముఖి డిపార్ట్‌మెంట్ వారీగా విడివిడిగా పెట్టండి: 6 నుంచి 8 మంది, 45 నిమిషాలు, టీచర్లు గదిలో లేకుండా. అందర్నీ కలిపి కూర్చోబెడితే కోర్సు సులభంగా అనిపించినవాళ్లే మాట్లాడతారు, మిగతావాళ్లు "నాకే అర్థం కాలేదేమో" అని ఊరుకుంటారు.

ఇక అమలు. చాలా సమీక్షలు చచ్చేది ఇక్కడే. "మూడు డిపార్ట్‌మెంట్లూ సమన్వయం మెరుగుపరచుకోవాలి" అని రాస్తే అది ఎవరి బల్ల మీదికీ వెళ్లదు. ఒక్కో సిఫార్సుకీ ఒకే పదవి పేరు, ఒక తేదీ, పని పూర్తయిందని చూపే ఒక కాగితం ఉండాలి. "ప్రాజెక్టు రూబ్రిక్‌లో సమ్మేళనానికి 30 శాతం, కోర్సు సమన్వయకర్త, వచ్చే సెమిస్టర్ రెండో వారం లోపు, ఆమోదించిన రూబ్రిక్ ప్రతి" ఇలా. ఎనిమిదికి మించి రాయకండి. తప్పనిసరి ఏవో, సలహాలు ఏవో విడగొట్టండి. సమన్వయకర్త చేతిలో లేనివి, అంటే డబ్బు, పోస్టులు, టైమ్‌టేబుల్, డీన్ పేరు మీద రాయాలి. ముగ్గురు హెచ్‌ఓడీల పైన ఉన్న ఒకే సంతకం అదే కదా.

టీచింగ్ లోడ్ లెక్క ఎలా వేస్తున్నారో కూడా సమీక్షలో అడగండి, ఫారంలో ఆ ప్రశ్న లేకపోయినా. ఇద్దరు కలిసి గంట పాఠం చెబితే చెరో అరగంట రాసే చోట, రెండో టీచరు తన అరగంట చెప్పి వెళ్లిపోతాడు. మొదటివాడు ఏం చెప్పాడో వినడు, దాన్ని అందుకుని మాట్లాడడు. ఆ పద్ధతికి వచ్చే ఫలితమే "మూడు చిన్న కోర్సులు". దీనికి సిలబస్ ఎంత మార్చినా లాభం లేదు. కనీసం నాలుగు ఉమ్మడి తరగతులకు, ప్రాజెక్టు ప్రదర్శనలకు ఇద్దరికీ పూర్తి గంట ఇమ్మని డీన్‌కి రాసే సిఫార్సుల్లో మొదట పెట్టండి.

మూడు డిపార్ట్‌మెంట్లూ సంతకం చేసిన ఒప్పందం ఉందా? లేకపోతే ఒక పేజీ రాయించండి. ఎవరు ఎన్ని గంటలు, ఎవరైనా సెలవు మీద వెళ్తే ప్రత్యామ్నాయం ఎవరు పంపాలి, విద్యార్థుల సంఖ్య ఏ డిపార్ట్‌మెంట్ ఖాతాలో పడుతుంది, ముందస్తు కోర్సుల్లో మార్పు చేస్తే ఎన్ని నెలల ముందు చెప్పాలి. నల్లబల్ల గారు చెప్పిన రిగ్రెషన్ సమస్యకి మందు ఆ చివరి వాక్యమే.

నల్లబల్ల:

దస్త్రం గారి మాటకి ఒక్కటి కలుపుతాను. ప్యానెల్‌కి పంపే లేఖలోనే ఈ నియమం పెట్టండి: ఏ సభ్యుడైనా ఒక గంట పాఠం చేర్చమంటే ఏ గంట తీసెయ్యాలో కూడా రాయాలి. 56 గంటలు 56 గానే ఉండాలి. ఈ నియమం లేని చోట ప్రతి సమీక్ష తర్వాతా కోర్సు ఉబ్బుతుంది, ఉబ్బిన ప్రతిసారీ ప్రాజెక్టుకి మిగిలే సమయం తగ్గుతుంది.

కాలక్రమం అడగలేదు గానీ చెబుతున్నాను, వెనక నుంచి లెక్కపెట్టుకోండి. మార్పులు బోర్డ్ ఆఫ్ స్టడీస్‌కి (సిలబస్‌ను ఆమోదించే సంఘం) వెళ్లాల్సిన తేదీకి ఆరు నెలల ముందు మొదలుపెట్టాలి. మొదటి నెల పటం, అంకెలు. రెండో నెల 12 రిపోర్టులు దిద్దడం. మూడో నెల స్వీయ సమీక్ష పత్రం, 10 పేజీలు దాటకుండా. నాలుగో నెల ప్యానెల్ రాక, ఒకటిన్నర రోజు. అయిదో నెల నివేదిక ముసాయిదా, అందులో వాస్తవాల తప్పులుంటే దిద్దడానికి డిపార్ట్‌మెంట్లకు రెండు వారాలు. ఆరో నెల కార్యాచరణ పట్టిక. ఒకే బోర్డుకి కాకుండా మూడు బోర్డులకీ వెళ్లాల్సిన నిబంధన ఉంటే మూడింటి తేదీలూ ఇప్పుడే కనుక్కోండి. ఒకటి ముందు, ఒకటి వెనక జరిగితే, మొదటి బోర్డు ఆమోదించిన మార్పును మూడో బోర్డు తిప్పి పంపుతుంది, ఈలోగా కొత్త సెమిస్టర్ పాత సిలబస్‌తోనే మొదలైపోతుంది. మూడు బోర్డుల నుంచి ఇద్దరిద్దరితో ఒక ఉమ్మడి ఉపసంఘం వేసి దానికే ఆమోదించే అధికారం ఇమ్మని అడగడం మేలు.

కొలమానం:

సెమిస్టర్ ఇప్పుడు నడుస్తుంటే ఇంకో పని చేసుకోండి వేకువ గారూ. చివరి సర్వే కోసం ఆగకుండా ఏడో వారంలోనే తరగతిలో అయిదు నిమిషాలిచ్చి ఒకే ప్రశ్న అడగండి: "ఈ వారం ఒక సబ్జెక్టులో నేర్చుకున్నది మరో సబ్జెక్టులో ఎక్కడ వాడారు? ఒక వాక్యంలో రాయండి." పేరు వద్దు, డిపార్ట్‌మెంట్ చాలు. ఖాళీగా వచ్చిన చీటీల సంఖ్యను డిపార్ట్‌మెంట్ వారీగా పట్టిక వేసి స్వీయ సమీక్ష పత్రంలో పెట్టండి. వచ్చే ఏడు అదే వారం, అదే ప్రశ్న అడిగితే మీ మార్పులు పనిచేశాయో లేదో పోల్చడానికి దొరుకుతుంది.