అప్‌డేట్: డిస్కోర్స్‌లో యాక్టివేషన్ మెయిల్ వెళ్లని సమస్య తీరింది

మిద్దెతోటల వాళ్ల కోసం డిస్కోర్స్ అనే ఫోరమ్ సాఫ్ట్‌వేర్‌తో ఫోరమ్ పెడితే, కొత్తగా చేరేవాళ్లకి ఖాతా ఖాయం చేసే యాక్టివేషన్ మెయిల్ వెళ్లక అందరూ గుమ్మం దగ్గరే ఆగిపోతున్నారని అడిగాను కదా, అది తేలింది. సాయం చేసినవాళ్లందరికీ థాంక్స్.

మెయిల్ బయటికెళ్లే పోర్టు (సర్వర్‌లో నంబరు వేసిన దారి) తెరిచుందో లేదో చూడమని జవాబిచ్చిన అన్నగారి మాటే నిజమైంది. సర్వర్ నుంచి మెయిల్ సర్వీసుకి టెల్‌నెట్ (కనెక్షన్ కలుస్తోందో లేదో చూసే కమాండ్) కొడితే 587 పోర్టు దగ్గర ఉలుకూ పలుకూ లేదు, 2525 కొట్టగానే 220 అని, అంటే మెయిల్ సర్వర్ సిద్ధమని, జవాబొచ్చింది. స్పామ్ భయంతో సర్వర్ అద్దెకిచ్చిన కంపెనీయే మెయిల్ పంపే 25, 465, 587 పోర్టులు మూడూ మూసేసిందట, సపోర్ట్ వాళ్లని గట్టిగా అడిగితే అప్పుడు చెప్పారు! డిస్కోర్స్ సెట్టింగులుండే యాప్.వైఎమ్ఎల్ (app.yml) ఫైల్లో ఎస్ఎమ్‌టీపీ (మెయిల్ పంపే పద్ధతి) పోర్టు 2525గా మార్చి, డిస్కోర్స్‌తో వచ్చే లాంచర్ స్క్రిప్ట్‌తో రీబిల్డ్ చేశాక (మళ్లీ కట్టించాక) మెయిళ్లు టకటకా వెళ్తున్నాయి. ఊరికే రీస్టార్ట్ చేస్తే కొత్త సెట్టింగ్ పట్టదు, రీబిల్డ్ చేస్తే పడుతుంది. మీ మెయిల్ సర్వీసు 2525 ఇస్తోందో లేదో మాత్రం ముందే చూసుకోండి.

సర్వర్ ర్యామ్ పెంచడానికీ ఈ మెయిల్ సమస్యకీ సంబంధం లేదు, 1 జీబీ ర్యామ్‌కి స్వాప్ (ర్యామ్ చాలనప్పుడు వాడుకునే డిస్క్ చోటు) కలిపితే మా చిన్న ఫోరమ్‌కి సరిపోతోంది. మెయిల్ నిజంగా మన డొమైన్ నుంచే వచ్చిందని చూపే ఎస్‌పీఎఫ్, డీకిమ్ రికార్డులూ కారణం కాదు; అవి మెయిల్ బయటికెళ్లాక ఇన్‌బాక్స్‌లో పడుతుందా స్పామ్‌లో పడుతుందా అన్న దగ్గర పనికొస్తాయి, అందుకే తీసెయ్యకుండా ఉంచాను.