గల్ఫ్ పైసలు దేశానికి గంత అక్కరైతే మన సర్కార్ గట్టిగ ఎందుకు మాట్లాడదు?

మాది జగిత్యాల దిక్కు. బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి అంటరు గదా మా దగ్గర, ఇప్పుడు ఏ ఇంట్ల చూసినా దుబాయే. 2024ల మనోళ్లు బయటి దేశాలకెళ్లి పంపిన పైసలు 129 బిలియన్ డాలర్లట, ప్రపంచంల మనమే ఫస్టట. మరి కంపెనీ జీతం ఎగ్గొట్టినా పాస్‌పోర్టు గుంజుకున్నా మనోడే ఆఫీసుల చుట్టూ ఎందుకు తిరగాలె?

లెక్కల మాస్టారు:
ఆ డబ్బంతా గల్ఫ్‌ది కాదండీ. రిజర్వ్ బ్యాంక్ 2023-24 సర్వేలో అమెరికా వాటా 27.7 శాతం, యూఏఈ 19.2. మొత్తంగా మాత్రం పెద్ద అండే, సరుకుల వ్యాపారంలో మనకొచ్చే లోటు సుమారు సగం దీనితోనే పూడుతోంది. కానీ అదే గల్ఫ్ వాళ్ల దగ్గర చమురు కొంటాం, పనికి మనం కాదంటే నేపాల్, బంగ్లాదేశ్ వాళ్లు రెడీ, ఇంక గొంతెక్కడ లేస్తుంది? 2020 సెప్టెంబర్లో మన కేంద్రమే గల్ఫ్‌కి వెళ్లేవాళ్ల కనీస జీతం 30 నుంచి 50 శాతం తగ్గించింది, పోటీలో ఉద్యోగాలు పోతాయని. గొడవయ్యాక 2021 జులైలో వెనక్కి తీసుకున్నారు.

రాయచోటి కువైట్:
మాస్టారూ సగమే చెప్పినారు. 1990లో సద్దాం కువైట్ మీద పడితే 1.7 లక్షల మందిని విమానాల్లో తెచ్చినారు, ఆ జనం అక్కడ లేకుంటే ఢిల్లీకి అంత పట్టేదా? 1981 తర్వాత మన ప్రధాని యూఏఈకి పోయింది 2015లోనే, 2022 మే నుంచి వాణిజ్య ఒప్పందం కూడా అమల్లోకొచ్చె. మాకాడ ఆడోళ్లు ఖాదిం వీసా (ఇంటి పనోళ్లకిచ్చే వీసా) మీద పోతారు, దినార్ రేటు నాలుగు రూపాయలు పెరిగిందంటే ఆ పొద్దు ఎక్స్చేంజ్ కాడ నిలబడను సందుండదు, ఊర్లో ప్లాట్ల రేటూ దాంతోపాటే లేస్తది. ఒప్పందంలో నగల వ్యాపారికి సుంకం తగ్గింది, ఇంటిపని చేసే ఆడమనిషి ఊసే లేదు, నాకు మండేది అక్కడే.

జగిత్యాల (అడిగినోణ్ణే):
గదే అన్నా. మా దిక్కు మొదటి రెండేండ్ల సంపాదన ఏజెంట్‌కిచ్చిన అప్పు మిత్తికే పోతది. మా బామ్మర్దిని విజిట్ వీసా మీద పొమ్మంటున్నడు ఏజెంట్, ఆడికి పోయినంక మారుస్తరట.

లెక్కల మాస్టారు:
పంపకండి. ఈసీఆర్ పాస్‌పోర్టయితే (అంటే పనికి వెళ్లేముందు ప్రభుత్వ అనుమతి తీసుకోవాల్సిన రకం) ఈ-మైగ్రేట్ అనే కేంద్రం వెబ్‌సైట్‌లో లైసెన్సున్న ఏజెంటేనా చూసి, ఆ అనుమతి (క్లియరెన్సు)తోనే వెళ్లమనండి. 10 లక్షల ప్రమాద బీమా దానితోనే వస్తుంది, విజిట్ మీద వెళ్తే అదీ ఉండదు.