మందుల కౌంటర్ దగ్గర మాటకు మార్కులా?

వేసవిగాలి:
ఫార్మసిస్ట్ మనతో ఎలా మాట్లాడారో అడిగే సర్వే ఫారం ఒకటి నింపాను. ‘పూర్తిగా ఒప్పుకుంటాను’ నుంచి ‘అస్సలు ఒప్పుకోను’ దాకా 5 గడులు. రోగికి ఎలా అనిపించిందో అడిగి మార్కులేయడం సబబేనా?

కౌంటర్‌వెనక:
కాదు. నేను ఫార్మసిస్ట్‌ని. రోగులు కొలిచేది నా నవ్వుని. మొన్న ఒకాయనకు ఇన్‌హేలర్ వాడకం చెప్పి “అర్థమైందా?” అంటే “బాగా అర్థమైందండీ” అన్నారు. ఏదీ, చూపించండి అన్నాను. ముందు నొక్కేసి, తర్వాత తీరిగ్గా ఊపిరి పీల్చారు. మందు నోట్లోనే ఉండిపోతుంది కదా! ఆయన చేతికి ఫారం ఇచ్చుంటే నాకు 5కి 5.

లెక్కలపిచ్చి:
అది ప్రశ్నల లోపం. లైకర్ట్ అనే సైకాలజిస్ట్ 1932లో ఇచ్చిన ఈ 5 గడుల స్కేలుని తిట్టి లాభం లేదు. “మర్యాదగా మాట్లాడారా” అంటే అందరూ 4, 5 వేస్తారు, ఇక తేడా ఎక్కడ తెలుస్తుంది? దీన్నే సీలింగ్ ఎఫెక్ట్ అంటారు. “ఇంకేం మందులు వాడుతున్నారని అడిగారా” లాంటివి పెట్టాలి. క్రోన్‌బాక్ ఆల్ఫా 0.7 దాటితే...

చిరుజల్లు:
దాటితే జ్వరం తగ్గుతుందా సార్?

లెక్కలపిచ్చి:
ప్రశ్నలకు ఒకదానితో ఒకటి పొంతన ఉందని అర్థం.

కౌంటర్‌వెనక:
ప్రశ్నలన్నీ కలిసికట్టుగా నా నవ్వునే కొలిస్తే? పొంతన ఉంటే నిజమైపోతుందా?

లెక్కలపిచ్చి:
నిజమవుతుందని నేనెక్కడ అన్నాను? ఆ వాక్యం చూపించండి.

పాతరోగి:
మీ ఆల్ఫా గొడవ ఆపండి. ఒకసారి నా జబ్బు పేరు క్యూలో అందరి ముందూ గట్టిగా చదివారు. మందు ఎలా వాడాలో చక్కగానే చెప్పారు, నాకూ అర్థమైంది. మీ ‘చూపించండి’ పరీక్ష పెట్టినా పాసయ్యేవాణ్ణి. కానీ మళ్లీ ఆ కౌంటర్ ముందు నిలబడలేక మందే మానేశాను. నాకేమనిపించిందన్నది లెక్కలోకి రాదా?

కౌంటర్‌వెనక:
విడిగా మాట్లాడటానికి గది ఇవ్వనిది ఎవరు? నేనా? ఎదురుగా డజను మంది, పక్కన ఫోను.

పాతరోగి:
మీ మీదకెందుకు తీసుకుంటారు?

కౌంటర్‌వెనక:
ఎందుకంటే మా దగ్గర ఆ స్కోర్లు పేర్లతో సహా గోడకి అంటిస్తున్నారు! ఇంక్రిమెంటూ దాన్నిబట్టే. ప్రిస్క్రిప్షన్ లేకుండా యాంటీబయాటిక్ ఇవ్వనన్నందుకు ఒకరు 1 వేసి పోయారు. నేను చేసింది తప్పా? ఫారం అంటే నాకేం పగ లేదు. అది ఎవరి చేతిలో పడుతుందో అనే టెన్షన్.

లెక్కలపిచ్చి:
ఈ ముక్క మొదటే చెప్పాల్సింది. కొద్దిమంది వేసిన మార్కులతో ఒక మనిషిని తూచకూడదు. పేర్లు తీసేసి, పద్ధతి ఎక్కడ చెడిందో చూడటానికి వాడాలి.

పాతరోగి:
పేర్లు తీసేస్తే నాకు జరిగినదానికి జవాబు ఎవరు చెబుతారు? పద్ధతా?

కౌంటర్‌వెనక:
అదిగో. మీక్కావాల్సింది కొలత కాదు, మనిషి.

పాతరోగి:
అవును. తప్పేముంది?

చిరుజల్లు:
వేసవిగాలి గారూ, ఇంతకీ మీరెన్ని వేశారు?

వేసవిగాలి:
అన్నీ 5 వేశానండీ. ఫారం ఇచ్చిన ఫార్మసిస్ట్ ఎదురుగానే నిలబడి ఉన్నారు మరి.